సీమ ఎండల్లో పాత స్కోడాలు, ఆడీలు: బండి మంచిదా కాదా అనేది ఎట్ల తేలుతాది

కొత్త వ్యాగనార్ ఆన్‌రోడ్ రేటుకు పన్నెండేండ్ల నాటి ఆడీ ఏ4 వస్తాది. కర్నూలు, అనంతపురం, కడపలో ఏ కార్ కన్సల్టెన్సీకి పోయినా అట్లాంటి బండి ఒకటి ముందు వరసలో పాలిష్ కొట్టి నిలబెట్టి ఉంటారు, అప్పట్లో ముప్పై లక్షలకు అటూఇటూ పెట్టి ఎవరో కొన్న బండి ఇప్పుడు ఆరేడు లక్షలంటే, లెదర్ సీట్లు సన్‌రూఫ్ చూసి డోర్ వేసినప్పుడు ఆ బరువైన శబ్దం విన్నాక ఎవరికైనా మనసు లాగుతాది. ఇంట్లో పెద్దోళ్లేమో "వద్దు నాయనా, ఆ బండ్లు షెడ్డులోనే ఉంటాయి, మారుతీనో టయోటానో చూసుకో" అంటారు. ఇంకోపక్క ఫోక్స్‌వ్యాగన్ పోలో నడిపే ఫ్రెండు "లక్షన్నర కిలోమీటర్లు తిరిగింది మామా, ఇంజన్‌కు ఒక్క స్పానర్ పెట్టలే" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తాండారు, అదే ఇక్కడ చిక్కు.

బండిని నమ్మొచ్చా అని అడిగినప్పుడు మనం రెండు ప్రశ్నలు కలిపేసి అడుగుతాం. బండి ఎన్నిసార్లు చెడిపోతాది అనేది ఒకటి. చెడిపోతే మనూర్లో బాగుచేసేటోళ్లు ఉన్నారా, సామాన్లు ఎన్ని రోజులకొస్తాయి, ఎంతవుతాది అనేది రెండోది. బెంగళూరులో ఉండేవాళ్లకు రెండో ప్రశ్న అంత పెద్దది కాదు, పక్క వీధిలోనే జర్మన్ కార్లు మాత్రమే చేసే షెడ్డు దొరుకుతాది. మనకు మాత్రం మంచి చెడ్డ అంతా ఈ రెండో ప్రశ్న దగ్గరే తేలుతాది, మొదటి ప్రశ్న మీద జరిగే వాదనల్లో సగం ఇది మర్చిపోయి జరిగేవే.

నమ్మకం లేకుంటే ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజన్ సంగతి చూడండి. 2007లో మారుతీ స్విఫ్ట్ డీజిల్‌లో డీడీఐఎస్ అనే పేరుతో వచ్చింది ఇదే ఇంజన్, ఆ తర్వాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, టాటా ఇండికా విస్టా, మాంజా ఇట్ల సగం దేశం దీనిమీదే తిరిగింది. 2009లో ఫియట్ వాళ్లు లీనియా, పుంటోల్లో కూడా ఇదే పెట్టినారు. స్విఫ్ట్ డీజిల్ అంటే ట్యాక్సీ నడిపేవాళ్లు కూడా రెండో మాట లేకుండా కొంటారు, అదే ఇంజన్ ఉన్న లీనియా అంటే "అమ్మో ఇటలీ బండి" అని వెనక్కి పోతారు. ఇంజన్ ఒకటే. తేడా అంతా చుట్టూ ఉన్న మనుషుల్లో, మారుతీ సామాన్లు చిన్న టౌన్లలో కూడా దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్కులు వీధికొకరున్నారు, ఫియట్ మాత్రం 2019 నాటికి ఇక్కడ కార్లు అమ్మడమే ఆపేసింది. ఈరోజు లీనియా కొంటే ఇంజన్ గురించి భయం అక్కర్లే, హెడ్‌లైటు, డోర్ హ్యాండిల్, బంపర్ పగిలితే మాత్రం వెతుకులాట మొదలవుతాది.

అందుకని పాత యూరప్ బండి చూసేటప్పుడు నేను ఫస్ట్ చూసేది దాని సామాన్లు ఇంకా ఏయే బండ్లకు వస్తాయి అని. పోలో, వెంటో, స్కోడా ర్యాపిడ్ మూడూ పుణె దగ్గర చాకన్‌లో తయారైనవే, చానా సామాన్లు ఒకదానివి ఒకదానికి కుదుర్తాయి, పోలో 2010 నుంచి 2022 దాకా అమ్మినారు కాబట్టి పాత సామాన్లు, బయటి కంపెనీ సామాన్లు రెండూ దండిగా ఉన్నాయి. రెనో డస్టర్‌లో ఉండే 1.5 డీజిల్ ఇంజన్ కూడా అంతే, లోగాన్, వెరిటో, నిస్సాన్ టెరానో, సన్నీ, మైక్రా అన్నిట్లో అదే కుటుంబం. ఈ బండ్లు అనంతపురం మెకానిక్ కూడా ధైర్యంగా విప్పుతాడు. స్కోడా లారా, ఆక్టావియా, సూపర్బ్, ఫోక్స్‌వ్యాగన్ జెట్టా, పస్సాట్ దాకా వస్తే పని తెలిసిన మనిషిని ఎతుక్కోవాల. ఆడీ, బెంజ్, బీఎండబ్ల్యూ అయితే ఎక్కువ పనులకు కర్నూలు వాళ్లు హైదరాబాద్, అనంతపురం వాళ్లు బెంగళూరు పోవాల్సిందే, రెండూ రెండు వందల కిలోమీటర్ల పైనే, కడప వాళ్లకు బెంగళూరైనా చెన్నై అయినా ఇంకా దూరం. స్టార్ట్ కాని బండిని అంత దూరం ఫ్లాట్‌బెడ్ మీద తీస్కపోతే ఎంతవుతాదో రిపేర్ ఖర్చుకంటే ముందు ఆ లెక్క వేసుకోండి.

అసలు ఈ బండ్లు ఎందుకట్ల షెడ్డు పాలవుతాయి అంటే, యూరప్ కంపెనీలు బండి డిజైన్ చేసేటప్పుడే ఓనర్ మాన్యువల్ ప్రకారం నడుచుకుంటాడు అని లెక్క వేసుకుంటాయి, రాసిన గ్రేడ్ ఆయిలే పోస్తాడు, రాసిన కిలోమీటర్లకు ఇంజన్ టైమింగ్ బెల్టు మారుస్తాడు, వార్నింగ్ లైట్ వెలిగితే ఆ వారమే చూపిస్తాడు అని. ఆ లెక్క తప్పితే బండి ఎక్కువ రోజులు ఓర్చుకోదు. మనకాడ ఏం జరుగుతాదంటే మొదటి ఓనర్ కంపెనీలోనే సర్వీసు చేయిస్తాడు, రెండో ఓనర్ సగం సగం చేయిస్తాడు, మూడో ఓనర్ ఇంజన్ ఆయిల్ మార్చి అదే సర్వీసు అనుకుంటాడు. వాయిదా పడిన పనులన్నీ నాలుగో ఓనర్ మీద ఒకేసారి వచ్చి పడతాయి, ఆయనేమో "యూరప్ బండి మోసం చేసింది" అంటాడు, నిజానికి ముందున్న వాళ్ల బాకీ ఆయన కడతాండాడు. ఇంకోటి, బండి రేటు ముప్పై లక్షల నుంచి ఆరు లక్షలకు పడిపోతాది గానీ దాని సామాన్ల రేటు పడిపోదు. ఆరు లక్షలకు కొన్న ఆడీకి కూడా హెడ్‌లైటు ముప్పై లక్షల బండిదే.

మన ప్రాంతానికొస్తే వీటికి పెద్ద శత్రువు వేడి, దాంతోపాటు నీళ్లు. ఏప్రిల్ మే నెలల్లో కర్నూలులో 42, 43 డిగ్రీలు మామూలు మాట, బానెట్ కింద ఎంతుంటాదో ఊహించుకోండి. ఈ బండ్లలో థర్మోస్టాట్ హౌసింగు, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పైపుల జాయింట్లు, కొన్నిట్లో వాటర్ పంపు లోపలి రెక్కలు కూడా ప్లాస్టిక్‌వే. వేడెక్కడం చల్లారడం పదేండ్లు జరిగేసరికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి సన్నగా చీలుతాది, ముందు చుక్క చుక్క కారుతాది, తర్వాత ఒకరోజు హైవే మీద ఒకేసారి పోతాది. అప్పుడు చానామంది చేసే పని దగ్గర్లో ఉన్న బోరింగ్ నీళ్లు పట్టి పోసేయడం. సీమ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేది అదే, అది రేడియేటర్ సన్నటి గొట్టాల్లో, హీటర్ కోర్‌లో, ఇంజన్ లోపలి దారుల్లో పేరుకుంటే వేడి బయటికి పోయే దారి ఉండదు. బండి ఆగిపోయి వేరే దారి లేనప్పుడు పోయండి, ఇంజన్ చల్లారినాకే, ఊరు చేరినాక మొత్తం ఫ్లష్ చేయించి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి నింపించండి.

కూలెంట్ అంటే గడ్డకట్టకుండా ఉండడానికే కదా, మనకు మంచు యాడ పడతాది, మనకెందుకు అని కొందరు మెకానిక్కులే అంటారు. ఆ మాట వినొద్దు. కూలెంట్ నీళ్ల మరుగు స్థాయిని పెంచుతాది, లోపల అల్యూమినియం తుప్పు తినకుండా కాపాడుతాది, ఈ రెండూ చలి దేశంకంటే మనకే ఎక్కువ అవసరం. రంగు కూడా చూడాల, ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ బండ్లలో (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడీ) జీ12 రకం కూలెంట్ గులాబీ రంగులో ఉంటాది, దాంట్లో పాత పచ్చ రకం కలిపితే గోధుమ రంగు బురద అయ్యే ప్రమాదం ఉంది. కొనేముందు కూలెంట్ ట్యాంక్ మూత తీసి చూస్తే, చల్లగా ఉన్నప్పుడే, ఆ బండి ఎట్లాంటి చేతుల్లో పెరిగిందో సగం అక్కడే తెలిసిపోతాది. గులాబీ రంగు స్వచ్ఛంగా ఉంటే మంచి గుర్తు, తుప్పు నీళ్లుంటే నేనైతే అక్కడినుంచే వెనక్కి తిరుగుతా.

ఇంకో సంగతి ఏంటంటే ముందు గ్రిల్ వెనకాల ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. నల్లరేగడి దుమ్ము, బేతంచెర్ల ఎర్రగుంట్ల వైపు తిరిగేవాళ్లకైతే రాయి, సిమెంటు దుమ్ము, వాటి మధ్యలో చేరి మందంగా కట్టుకుంటాది, బయటినుంచి వాటర్ సర్వీసు చేస్తే ముందుది మాత్రమే శుభ్రమైతాది. రెండేండ్లకోసారైనా విప్పి మధ్యలో కడిగించాల, ఎండాకాలం ముందు చేయిస్తే ఏసీ కూలింగ్ కూడా తేడా తెలుస్తాది.

ఆయిల్ విషయంలో ఒక ఉదాహరణ చాలు. పాత లారా, సూపర్బ్ డీజిల్స్‌లో పీడీ అనే ఇంజన్లు ఉన్నాయి, వాటిలో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను క్యామ్‌షాఫ్టే (వాల్వులను తెరిచే తిరిగే కడ్డీ) నొక్కుతాది, కాబట్టి క్యామ్ మీద చానా ఒత్తిడి ఉంటాది, అందుకే కంపెనీ 505 01 అనే స్టాండర్డ్ ఉన్న ఆయిలే పోయమని రాసింది. డబ్బా మీద 5డబ్ల్యూ40 అని ఉంటే చాలనుకుని ఏదో ఒకటి పోస్తే క్యామ్ లోబ్స్ (ఆ కడ్డీ మీది గుబ్బలు) అరిగిపోతాయి, పైకి ఏమీ తెలియదు, మెల్లగా పికప్ తగ్గుతాది, తీరా విప్పితే క్యామ్‌షాఫ్ట్ ఖర్చు. డబ్బా వెనక ఉండే ఆ చిన్న నంబర్లే, బీఎండబ్ల్యూకు ఎల్ఎల్04 లాంటివి, బెంజ్‌కు 229.51 లాంటివి, చూసి కొనాల. మాన్యువల్‌లో పదిహేను వేలు, ఇరవై వేలు అని రాసినా సరే మన దుమ్ములో, ఈ వయసు బండికి పదివేల కిలోమీటర్లకో ఏడాదికో ఏది ముందొస్తే అప్పుడు మార్చేయండి. దీంట్లో పొదుపు చేసి బాగుపడినోళ్లను నేను చూడలే.

గేర్‌బాక్స్ దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాల. పోలో జీటీ టీఎస్ఐ, సూపర్బ్ 1.8 ఆటోమేటిక్ లాంటి వాటిలో వచ్చేది ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), డీక్యూ200 అంటారు, దీని క్లచ్చులు ఆయిల్‌లో మునిగి ఉండవు, పొడిగా ఉంటాయి. నత్తనడక ట్రాఫిక్‌లో, ఎండలో, క్లచ్చులు వేడెక్కుతాయి, దాన్ని నడిపే మెకట్రానిక్స్ అనే భాగం పోతే బిల్లు లక్ష దాటుతాది. సూపర్బ్ 2.0 డీజిల్‌లో వచ్చే ఆరు గేర్ల డీక్యూ250 వేరు, దాని క్లచ్చులు ఆయిల్‌లోనే ఉంటాయి, గట్టిది, అయితే అరవై వేల కిలోమీటర్లకోసారి గేర్ ఆయిల్, ఫిల్టర్ మార్చిన బిల్లు కనపడాల. అమ్మేవాడు "ఇది సీల్డ్ గేర్‌బాక్స్, ఆయిల్ మార్చే పనే లేదు" అంటే ఆ బండిలో ఎప్పుడూ మార్చలేదని అర్థం. ఇంత గొడవ మనకెందుకు అనుకుంటే మాన్యువల్ గేర్లది తీసుకోండి, సీమకు అదే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇంజన్లలో రెండు మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. బీఎండబ్ల్యూ 320డీ, 520డీల్లో వచ్చిన ఎన్47 డీజిల్‌కు టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) ఇంజన్ వెనకాల, గేర్‌బాక్స్ వైపు ఉంటాది, ముఖ్యంగా 2007 నుంచి 2011 మధ్య వాటిలో ఆ చైన్ అరిగే సమస్య ప్రపంచమంతా తెలిసిందే, మార్చాలంటే గేర్‌బాక్సో ఇంజనో దింపాల. పొద్దున్నే చల్ల ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు వెనకనుంచి గలగలమని శబ్దం వస్తే బేరమే ఆడొద్దు. ఆడీ, స్కోడాల 1.8, 2.0 టర్బో పెట్రోల్ ఈఏ888 రెండో తరంలో పిస్టన్ రింగుల వల్ల ఆయిల్ తాగడం, చైన్ టెన్షనర్ పోవడం ఉన్నాయి. చైన్ బదులు టైమింగ్ బెల్టు ఉండే వాటికి, పోలో డీజిల్, డస్టర్ డీజిల్ లాంటివి, బెల్టు ఎప్పుడు మార్చినారో కాగితం లేకుంటే కొన్న మొదటి వారంలోనే బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు మూడూ కలిపి మార్చేయండి. నడుస్తుండగా బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, అప్పుడు ఇంజన్ పైభాగం (హెడ్) దింపాల్సిందే.

రబ్బరు సామాన్లు ఎట్లాగూ పోతాయి, కంట్రోల్ ఆర్మ్ బుష్షులు, ఇంజన్ మౌంట్లు, స్టెబిలైజర్ లింకులు, గుంతల రోడ్లలో ఇంకా తొందరగా. ఇవి భయపడాల్సినవి కావు, మారిస్తే బండి మళ్లీ కొత్తగా నడుస్తాది, ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉన్న పెద్ద బండి మాత్రం మన రోడ్ల మీద వద్దే వద్దు.

సన్‌రూఫ్ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం చెప్తా. సన్‌రూఫ్ చుట్టూ పడే నీళ్లు పోవడానికి నాలుగు మూలల్లో సన్నటి ట్యూబులుంటాయి. మనకు వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ, ఏడాదిలో ఎక్కువ నెలలు దుమ్ము ఆ ట్యూబుల్లో చేరి గట్టిపడతాది, ఒక్క పెద్ద వాన పడితే నీళ్లు కిందికి పోయే దారిలేక లోపలికి దిగుతాయి. చానా జర్మన్ బండ్లలో కార్పెట్ కింద, సీటు కింద కంట్రోల్ మాడ్యూళ్లు, వైరింగ్ జాయింట్లు ఉంటాయి, అవి తడిస్తే అద్దాలు దిగవు, లాకులు పనిచేయవు, ఒక్కోసారి స్టార్టే కాదు. తొలకరికి ముందు ఆ ట్యూబులు క్లియర్ చేయించుకుంటే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

ఎలక్ట్రికల్ పనుల్లో మన షెడ్డుల్లో జరిగే పొరపాటు ఒకటుంది. స్కానర్ పెడతారు, ఒక కోడ్ వస్తాది, కోడ్‌లో ఏ సెన్సర్ పేరుంటే అది మార్చేస్తారు. స్కానర్ అనేది జ్వరం కొలిచే థర్మామీటర్ లాంటిది, జ్వరం ఉందని చెప్తాది, ఎందుకొచ్చిందో చెప్పదు. బ్యాటరీ బలహీనమైనా, ఎర్త్ వైర్ తుప్పు పట్టినా ఈ బండ్లలో సంబంధం లేని లైట్లు వరసగా వెలుగుతాయి, చానా బీఎండబ్ల్యూలలో కొత్త బ్యాటరీ వేసినాక ఆ సంగతి కంప్యూటర్‌లో రిజిస్టర్ కూడా చేయాల. అందుకే మామూలు స్కానర్ ఉన్న షెడ్డుకంటే ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్‌కు వీసీడీఎస్, బీఎండబ్ల్యూకు ఇస్టా, బెంజ్‌కు జెంట్రీ లాంటి సాఫ్ట్‌వేర్ వాడే మనిషి యాడున్నాడో కొనకముందే కనుక్కోండి. ఆ మనిషి దొరకకపోతే బండి ఎంత చవకైనా వదిలేయడమే మంచిది.

సామాన్లకు కంపెనీ షోరూమ్ ఒక్కటే దారి అనుకోవద్దు. యూరప్ బండ్లలో క్లచ్చులు లుక్ వాళ్లవి, షాక్ అబ్జార్బర్లు సాక్స్‌వి, సస్పెన్షన్ సామాన్లు లెమ్‌ఫర్డర్‌వి, ఫిల్టర్లు మాన్, మాహ్లే వాళ్లవి, డీజిల్ పంపులు బాష్‌వి ఇట్ల ఉంటాయి. అదే తయారీదారు డబ్బాలో కొంటే కార్ కంపెనీ లోగో డబ్బాకంటే చానా తక్కువ పడుతాది, వస్తువు మాత్రం అదే. బెంగళూరు జేసీ రోడ్డు, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్తవి, చెన్నై పుదుపేటలో పాత బండ్లనుంచి విప్పినవి దొరుకుతాయి, ఛాసిస్ నంబర్ వాట్సాప్‌లో పంపి పార్ట్ నంబర్ తీయించుకుని కార్గోలో తెప్పించుకోవచ్చు. పార్ట్ నంబర్ లేకుండా ఆర్డర్ పెట్టొద్దు, ఒకే మోడల్‌లో ఏడాది మారితే సామాను మారిపోతాది.

డబ్బు లెక్క నా దృష్టిలో ఇట్ల ఉండాల. చేతిలో ఆరు లక్షలుంటే నాలుగున్నర లక్షల బండి చూడండి, మిగతాది పక్కన పెట్టండి, మొదటి మూడు నాలుగు నెలల్లోనే ఫ్లూయిడ్లు, బెల్టు, బుష్షులు, టైర్లు, బ్యాటరీ అని దాంట్లో చానా భాగం పోతాది. అది పోయినాక బండి కుదురుకుంటాది, ఆ తర్వాత ఏడాదికి అయ్యే ఖర్చు తట్టుకోగలిగేదే. మొత్తం డబ్బు బండికే పెట్టేసి, ఈఎంఐ కూడా తీసుకుని కొనేవాళ్లే మొదటి పెద్ద రిపేర్‌కు ఆగిపోతారు, బండి ఇంటిముందు కవర్ కింద నిలబడిపోతాది, నిలబడిన బండి ఇంకా పాడైతాది. రోజూ ఆఫీసుకో, పొలానికో ఇదొక్కటే బండి అయితే పోలో, డస్టర్, ర్యాపిడ్ మాన్యువల్ దాటి పోవద్దు. ఇంట్లో ఇంకో బండి ఉండి, వారం పదిరోజులు షెడ్డులో ఉన్నా పని ఆగదు అనుకునేవాళ్లకే లారా, సూపర్బ్, ఆ పైవి.

చూడ్డానికి పోయినప్పుడు బండి చల్లగా ఉండాలని ముందే చెప్పండి, మీరు పోకముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టినారంటే ఏదో శబ్దం దాస్తాండారని అనుమానించాల. టైర్ పక్కన నాలుగంకెల నంబర్ ఉంటాది, 2319 అంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని, అరవై వేలే తిరిగింది అనే బండికి మూడో సెట్ టైర్లుంటే మీటర్ తిప్పినట్టే. మీటర్ తిప్పినా ఈ బండ్లలో కిలోమీటర్లు వేరే మాడ్యూళ్లలో కూడా నమోదై ఉండొచ్చు, సరైన స్కానర్‌తో అవి చూడొచ్చు, కంపెనీ సర్వీస్ హిస్టరీతో సరిపోల్చండి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చూడండి, చివర బురద మరక ఉంటే వరద బండి. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ మునిగినాయి, అట్ల మునిగిన ఖరీదైన బండ్లు కడిగి తుడిచి దూరం ఊర్లలో అమ్ముడుపోతాయి, 2009లో తుంగభద్ర నీళ్లు చూసిన కర్నూలు వాళ్లకు వరద నీళ్లు ఇంట్లో వస్తువుల్ని ఏం చేస్తాయో చెప్పనక్కర్లే, కారు వైరింగ్‌కు కూడా అంతే, ఒక్కసారిగా పోదు, ఏండ్ల తరబడి ఒక్కో కనెక్టర్ తుప్పు పట్టుకుంటా పోతాది.

కాగితాల దగ్గర ఢిల్లీ బండ్ల సంగతి ప్రత్యేకంగా చూడాల. అక్కడ 2014, 2015ల్లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) పదేండ్లు దాటిన డీజిల్, పదిహేనేండ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగొద్దని ఆదేశాలిచ్చింది, 2018లో సుప్రీంకోర్టు కూడా వాటిని అమలు చేయమంది, దాంతో అక్కడ రేట్లు పడిపోయి ఆ బండ్లు దక్షిణానికి రావడం మొదలైంది. వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే మన దగ్గర రిజిస్ట్రేషన్ చేయించాల, దానికి ఫారం 28 ఎన్‌ఓసీ (పాత ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) కావాల, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాల, అనంతపురంలో కేఏ నంబర్ (కర్ణాటక) బండి కొనేవాళ్లకూ ఇదే వర్తిస్తాది, కాబట్టి ఢిల్లీ రేటు చవక అనేముందు ఆర్టీఓ ఆఫీసులో ఆ ట్యాక్స్ ఎంతో అడిగి రేటుకు కలుపుకోండి. పదిహేనేండ్లు నిండే బండి అయితే ఫిట్‌నెస్ చేయించి ఐదేండ్లకోసారి ఆర్సీ రెన్యువల్, దాంతోపాటు గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టి ఫైనాన్స్ పేరు, చలానాలు, ఇన్సూరెన్స్ అన్నీ చూసుకోండి, ఫైనాన్స్ ఉంటే ఫారం 35 (ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీసేయడానికి), బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి వచ్చి, ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యేదాకా అడ్వాన్స్ మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.